దేవదానం గారి చెరకు మిషన్

మా ఆఫీసు గేటు పక్కన ఎండాకాలం మొదలవగానే ఒక చెరకు రసం బండి వచ్చి ఆగుతుంది. చక్రం తిరిగినప్పుడల్లా దానికి కట్టిన మువ్వలు ఘల్లుమంటాయి. ఆ చప్పుడు వినగానే కౌంటర్ ముందు నిలబడ్డవాళ్లందరికీ దాహం పుడుతుంది. రిజిస్టర్ ఉత్తరం చేతిలో పెట్టుకుని ఒక్కొక్కరే తల తిప్పి బయటికి చూస్తారు. నాకు మాత్రం దాహం వేయదు. రంగు అట్టల వాసన, ముద్రల సిరా వాసన, అప్పుడే కోసిన కాగితం అంచు వేలికి తగిలినప్పటి సన్నని గరుకుదనం గుర్తొస్తాయి. చెరకు మిషన్ చప్పుడుకి గ్రీటింగ్ కార్డులు గుర్తుకు రావడం ఏమిటని మీరు అడగవచ్చు. అందుకు కారణం దేవదానం గారు. ఆయన్ని మీరు చూసి ఉండరు. కావలికీ బిట్రగుంటకీ మధ్య, సముద్రపు హోరు వినపడే ఒక చిన్న ఊళ్లో ఉండేవారు. రైల్వేలో ఫిట్టర్‌గా పనిచేసి రిటైరై, బిట్రగుంట క్వార్టర్ ఖాళీ చేసి, భార్య శాంతమ్మ గారి సొంత ఊరు కాబట్టి అక్కడికి వచ్చి స్థిరపడ్డారు.

ఆ ఊరి బ్రాంచి పోస్టాఫీసులో నాకు ఉద్యోగం వచ్చినప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. మాది ఆత్మకూరు వైపు పల్లె. వరి పండించుకునే కుటుంబం. అప్పటిదాకా సముద్రాన్ని రెండుసార్లే చూసినదాన్ని. ఒకే గది ఆఫీసు, ఒక బల్ల, ఒక బీరువా, ఉత్తరాల మీద తేదీ వేసే ఇనుప ముద్ర. అందులో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ ముద్రే. అది చేతిలో పట్టుకుంటే నేనేదో పెద్ద అధికారినైనట్టు ఉండేది. సిరా మెత్త మీద ఒక దెబ్బ, కవరు మీద ఒక దెబ్బ. ధన్, ధన్. ఎదురుగా ఉన్న టీ అంగడి ఆయన కూడా ఆ చప్పుడుని బట్టే ఆ రోజు నా మనసు ఎట్లా ఉందో చెప్పేవాడు.

చేరిన మూడో నెల, డిసెంబరు. ఒక పొడుగాటి పెద్దాయన సంచినిండా కవర్లు తెచ్చి బల్ల మీద పెట్టారు. తెల్లని జుట్టు, ఇస్త్రీ చేసిన చొక్కా. చేతులు మాత్రం ఆ మనిషివి కానట్టుండేవి. అరచేతులు తాటిమట్టల్లా వెడల్పుగా, వేళ్లు లావుగా, ఒక బొటనవేలి గోరు నల్లగా. కవర్లన్నిటికీ స్టాంపులు వరసగా, గీత గీసి అంటించినట్టు అంటించి ఉన్నాయి. నేను నా పనితనం చూపించాలని మొదటి కవరు తీసి నా అలవాటు ప్రకారం ధన్ మని కొట్టాను. లోపల ఏదో పటుక్కుమంది. ఆయన "అయ్యో" అన్నారు, తనలో తాను అనుకున్నట్టు.

కవరు విప్పి చూపించారు. లోపల నీలం అట్ట మీద పొరలు పొరలుగా పేర్చిన ఒక నక్షత్రం. ఏడు పొరల కాగితం, ఒక్కో పొర ముందున్నదానికంటే వెంట్రుకవాసి చిన్నది. దాని నడుమ నా దెబ్బకి గుంట పడి నక్షత్రం తొక్కిన పువ్వులా అయింది. ఆయన కోప్పడతారనీ, పై ఆఫీసుకి రాస్తారనీ అనుకున్నాను. ఆయన ఆ ముద్రని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, పనివాడు ఇంకో పనివాడి పనిముట్టుని చూసినట్టు చూశారు.

"మంచి ఇనుమమ్మా ఇది. దీన్ని కొట్టే పని లేదు. ఇట్ట ఆనించి, రవంత ఒత్తి, తీసెయ్. అడుగున పేపరు మడిచి పెట్టుకో."

నా బల్ల మీద ఉన్న పాత పేపరు మడిచి, కవరు దానిమీద పెట్టి, నా చేత్తోనే ఒత్తించారు. ఊరి పేరులో ప్రతి అక్షరమూ స్పష్టంగా పడింది. మూడు నెలలుగా నేను వేసిన ముద్రల్లో ఒక్కదానిమీదా తేదీ సరిగ్గా చదవడానికి వచ్చేది కాదని అప్పుడు తెలిసింది. మిగిలిన కవర్లన్నీ అలాగే ఒత్తాను, ఆయన ఎదురుగా కూర్చుని లెక్కల మాస్టారిలా చూస్తుండగా. చివరికి నలిగిన నక్షత్రం జేబులో పెట్టుకుని లేచారు. "ఇంకోటి చేస్తాలే. ఆదివారం గుడి అయినాక మా ఇంటికి రా. నక్షత్రం ఎట్టా పుడతదో చూస్తే, మళ్లీ కొట్టబుద్ధి కాదు నీకు" అన్నారు. గుడి అంటే వాళ్ల చర్చి.

అట్లా ఆ ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. వసారాలో, కుట్టుమిషన్ ఉండాల్సిన చోట, ఒక చెరకు మిషన్ ఉంది. చేత్తో చక్రం తిప్పే పాతకాలం రకం. మువ్వలు కూడా ఉన్నాయి. బిట్రగుంట స్టేషన్ బయట ఎవరో రసం వ్యాపారం మానేసి ఇనుప సామానుకి వేయబోతుంటే ఈయన తెచ్చుకున్నారట. దాని రోలర్ల మీద ఉండే గాడుల్ని లేతు మిషన్ మీద అరగదీయించి అద్దంలా నున్నగా చేశారు. రెండు రోలర్ల మధ్య ఎంత సందు ఉండాలో మరలు బిగించి సరిచేసుకోవచ్చు. కాగితాన్ని ఆకారంగా కోసే అచ్చుల్ని, అంటే డైలని, ఆయనే చేసుకునేవారు. పార్సిల్ పెట్టెలకి కట్టి వచ్చే ఇనుప పట్టీని పువ్వుగానో పిట్టగానో వంచి, చెక్కలో గాడి తీసి దిగ్గొట్టి, పైకి కనిపించే అంచుని ఆకురాయితో కత్తిలా సానపట్టేవారు. దానిమీద కాగితం, కాగితం మీద రబ్బరు పలక పెట్టి, చెక్కతో సహా రోలర్ల మధ్యకి తోసి చక్రం తిప్పితే, అవతలివైపు నుంచి పిట్ట ఊడి వచ్చేది. మువ్వలు ఘల్లుమనేవి. ముద్రలకయితే పాత హవాయి చెప్పులు. అరికాలి రబ్బరు కోసి, దానిమీద సన్నని బ్లేడుతో చెక్కి, చెక్కముక్కకి అంటించేవారు. పీత, వరి కంకి, తెరచాప పడవ, నేలపట్టు చెరువుకి వచ్చే గూడబాతు, అన్నీ ఆ ఊరివాళ్లు తొడిగి అరగ్గొట్టిన చెప్పుల్లోంచి పుట్టినవే.

"మువ్వలు తీసెయ్యమంటే తియ్యడమ్మా" అన్నారు శాంతమ్మ గారు నాకు టీ ఇస్తూ. పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ నవ్వడానికి కారణం వెతుక్కుంటున్నట్టుండే మనిషి. "మొదటి ఏడాది ఆ రోలర్లకి పట్టిన తీపి పూర్తిగా పోలా. ఈయన అట్టానే కార్డులన్నీ ఒత్తి అందరికీ పంచినాడు. పాస్టరు గారు కార్డుని గోడకి తగిలించుకుంటే, తెల్లారేతలికి గోడంతా చీమల బారు. ఆయన ఇంటికొచ్చి, 'దేవదానం, నీ ప్రేమ చాలా తియ్యగా ఉందయ్యా, కొంచెం తగ్గించు' అన్నాడు."

దేవదానం గారు ఆ మాటలు వెయ్యోసారి వింటున్నట్టు కాక, మొదటిసారి వింటున్నట్టు నవ్వారు.

చదువు ఆయనకి పెద్దగా లేదు. ఐదో తరగతి. రాత కోడిగీతలు. మాట కూడా కొంచెమే. ఈ కార్డుల పిచ్చి ఎట్లా మొదలైందని నేను అడిగితే ఆయన చెప్పలేదు, శాంతమ్మ గారే చెప్పారు. పెళ్లైన కొత్తలో ఒకసారి చుట్టాలందరి ముందూ ఆమెని గట్టిగా కసిరారట. ఆమె రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు డ్యూటీ నుంచి వస్తూ ఒక అట్టముక్క తెచ్చి పొయ్యి పక్కన పెట్టి వెళ్లిపోయారు. అట్టలో చందువా చేప ఆకారం కోసి ఉంది, షెడ్డులో దొరికిన ఇనుప ముక్కతో తయారుచేసిన డైతో. ఆమెకి చందువా చేప ఇష్టం. కార్డు మీద ఒక్క అక్షరమూ లేదు. "నోరు తెరిచి తప్పయిందని చెప్పలేక ఇనుము వంచినాడు నా మొగుడు" అన్నారామె. "నోరు వంచడం కంటే ఇనుము వంచడమే ఈయనకి సులువు."

ఆ రోజు నుంచి నా ఆదివారాలన్నీ ఆ వసారాలోనే గడిచాయి. ఊరుగాని ఊళ్లో అద్దె గదిలో ఒక్కదాన్నే ఉండేదాన్ని. అన్నం అక్కడే తినేదాన్ని. నేను చెక్కిన మొదటి ముద్ర 'శుభం'. చెప్పు రబ్బరు మీద ఎంతో శ్రద్ధగా రెండు గంటలు కూర్చుని చెక్కి కాగితం మీద ఒత్తితే, అక్షరాలు తిరగబడి పడ్డాయి. ముద్రకి అక్షరాన్ని తిప్పి చెక్కాలన్నది నాకు తట్టనే లేదు. ఏడుపొచ్చినంత పనైంది. పారేయబోతే దేవదానం గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"పారెయ్యొద్దు. కావల్లో మా స్నేహితుడికి సెలూన్ ఉండాది. వాడికి పంపుదాం. వాడి ముందర ఎప్పుడూ అద్దం ఉంటది గదా."

నిజంగానే పంపారు. ఆ సెలూన్ ఆయన దాన్ని అద్దానికి ఎదురుగోడ మీద అంటించుకున్నాడనీ, గడ్డం గీయించుకోవడానికి వచ్చినవాళ్లందరూ అద్దంలో చదువుకుంటున్నారనీ తర్వాత తెలిసింది.

దేవదానం గారి పద్ధతి ఒకటుండేది. కార్డు ఎవరికో తెలియకుండా కాగితం ముట్టుకోనిచ్చేవారు కాదు. పండక్కి ఒకేసారి పాతిక పువ్వులు ఒత్తి పెట్టుకుందామని నేనంటే తల అడ్డంగా ఊపేవారు. ఆ మనిషి ఎవరు, కాఫీ తాగుతాడా టీ తాగుతాడా, దేనికి నవ్వుతాడు, ఈ ఏడాది ఇంట్లో ఏం జరిగింది అని అడిగేవారు. అవి తెలిసిన తర్వాతే డై ఎంచుకునేవారు. గూడూరులో ఆయన స్నేహితుడొకరు, ఇంజన్ డ్రైవరుగా చేసినాయన, షుగరు ఎక్కువై చూపు పోగొట్టుకున్నారు. చూపు లేనాయనకి కార్డు ఎందుకని నేనన్నాను. దేవదానం గారు నన్ను అదోలా చూసి, ఆవిరింజన్ ఆకారం కోసి, బొగ్గు ఉండే చోట గరుకు కాగితం, పొగ ఉండే చోట దూది, చక్రాలకి లేచి ఉండేట్టు మూడు పొరల అట్ట పెట్టారు. వారం తర్వాత ఫోనొచ్చింది. స్పీకరు పెట్టారు కాబట్టి నేనూ విన్నాను. "ఒరే దేవదానం, తడిమి తడిమి ముందు చక్రం ఊడిపోయిందిరా. బండి పట్టాలు తప్పింది. వెంటనే ఇంకో చక్రం పంపు, వెనక ప్యాసింజర్లు తిట్టుకుంటా ఉండారు." ఫోన్ పెట్టేశాక ఆయన చక్రం కోస్తూ కూర్చున్నారు. ముఖం మాత్రం వెలిగిపోతూ ఉంది.

అట్లా ఏడాది గడిచేసరికి మా అమ్మకీ, నాన్నకీ, మేనత్తకీ, హైస్కూలు టీచరుకీ, చివరికి టీ అంగడాయనకీ కూడా కార్డు చేశాను. ఒక ఆదివారం దేవదానం గారు ఆకురాయి పక్కన పెట్టి, "సరళమ్మా, ఇంకా ఎవరుండారు?" అని అడిగారు.

"ఎవరూ లేరు సార్."

"ఒక పేరు నోటిదాకా వచ్చి మింగుతుండావు. మూడుసార్లు చూసినా. చెప్పకూడనిదయితే చెప్పొద్దులే."

చెప్పకూడనిదే. అయినా చెప్పాను. అప్పటిదాకా మా అమ్మకి కూడా చెప్పలేదు.

కల్యాణి మా పక్కింటి పిల్ల. ఒకటో తరగతి నుంచి ఇద్దరం ఒక బెంచి. హైస్కూలు నాలుగు కిలోమీటర్లు. వాళ్ల నాన్న కొనిచ్చిన సైకిల్ మీద తను తొక్కేది, నేను వెనక కూర్చునేదాన్ని. నాకు సైకిల్ రాదు. ఐదేళ్లు తనే తొక్కింది. డిగ్రీ తర్వాత ఇద్దరమూ ఉద్యోగాల కోసం చూస్తున్న రోజుల్లో, ఆత్మకూరు నెట్ సెంటర్లో ఈ పోస్టుల ప్రకటన నేను చూశాను. పదో తరగతి మార్కుల మీదే ఎంపిక. మా ఇద్దరికీ సరిపడే పోస్టు ఒక్కటే ఉంది. కల్యాణికి నాకంటే మార్కులు ఎక్కువ. తను అప్లై చేస్తే ఉద్యోగం తనదే. ఆ వారమంతా తనకి జ్వరం, ఫోన్ కూడా పాడై ఉంది. చూడటానికి వెళితే మంచం మీద నుంచే అడిగింది, "ఏమన్నా పోస్టులు పడినాయా?" అని. నేను "లేదు" అన్నాను. అంతే. ఒక్క మాట. చివరి తేదీ దాటిపోయింది. ఎంపికైనవాళ్ల జాబితాలో నా పేరు వచ్చిన రోజున తను మా గుమ్మం దాకా వచ్చి, "నేను అడిగినాను గదే" అని, తిరిగి వెళ్లిపోయింది. ఆ తర్వాత మాటల్లేవు.

శాంతమ్మ గారు బియ్యం ఏరుతున్న చేట ఒడిలోనే ఆగిపోయింది. ఆయన నన్ను ఓదారుస్తారని అనుకున్నాను. చిన్నతనం, అవసరం, అందరూ చేసేదే అని ఏదో ఒకటి అంటారని ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే, అందుకోసమే చెప్పానేమో కూడా.

"తప్పే" అన్నారాయన. "పెద్ద తప్పే" అన్నారు మళ్లీ. ఆకురాయి అందుకుని, "కార్డు చేస్తావా?" అని అడిగారు.

ఆ మాటలకి నాకు ఏడుపు రావాలి. రాలేదు. ఏడాదిగా బిగబట్టుకున్న ఊపిరి వదిలినట్టయింది. తప్పుని తప్పు అనేవాళ్లు లేకపోతే దాన్ని దించుకునే చోటు కూడా ఉండదని నాకు ఆ రోజే తెలిసింది.

మొదటి కార్డుకి ఆ వారమంతా కష్టపడ్డాను. గులాబీలు. ఐదు పొరల రేకులతో, అంచులకి బంగారు రంగు పూసి, ముత్యాలు అంటించి. నేను చేసినవాటిలో అంత అందమైనది అంతకుముందు లేదు. దేవదానం గారు దాన్ని దూరం పెట్టి చూసి, "పెళ్లి కార్డు లాగుండాది" అన్నారు. "తప్పయిందని చెప్పేదానికి ఇన్ని పూలెందుకమ్మా? లంచం ఇచ్చినట్టుంటది."

రెండోదానికి పూలు మానేసి మాటలు రాశాను. మా ఇంటి పరిస్థితి, నాన్న ఆరోగ్యం, నాకు ఉద్యోగం ఎంత అవసరమో, ఆ రోజు నా మనసు ఎట్లా కొట్టుకుందో, తర్వాత ఎన్ని రాత్రులు నిద్ర పట్టలేదో. కార్డుకి నాలుగు వైపులా నిండిపోయింది. ఈసారి శాంతమ్మ గారు కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివారు. చదివి, కార్డుని వెనక్కి తిప్పి చూశారు, ఇంకేమైనా ఉందా అన్నట్టు.

"దీని నిండా నువ్వే ఉండావు సరళా. ఆ పిల్ల యాడుంది?"

ఆ రోజు ఇంటికి వెళుతూ ఆమె మీద కోపగించుకున్నాను. బస్టాండు దాటేసరికి కోపం పోయింది, ప్రశ్న మిగిలింది. ఆ పిల్ల ఎక్కడుంది? సైకిల్ మీద ఉంది. ఎదురుగాలికి ఒంగి, ముందు కూర్చుని తొక్కుతూ ఉంది.

సైకిల్ డై చేయడానికి ఎనిమిది ఆదివారాలు పట్టింది. ఇనుప పట్టీని చక్రంలా గుండ్రంగా వంచడం తేలికే. హ్యాండిల్ దగ్గర, సీటు దగ్గర మూల తిరిగేచోట పట్టీ పుటుక్కున విరిగేది. వేళ్లు కోసుకుపోయాయి. "మీరు వంచితే ఒక్క పూటలో అయిపోతుంది కదా సార్" అన్నాను ఒకసారి, విసుగెత్తి. "అవుతది" అని ఒప్పుకున్నారాయన. "అప్పుడు నేను ఆ పిల్లకి తప్పు చెప్పుకున్నట్టవుతది. నాకూ ఆ పిల్లకీ ఏం గొడవ లేదు." పట్టీని పట్టుకునే బిగింపు మాత్రం కదలకుండా పట్టుకునేవారు. విరిగిన ముక్కలన్నీ ఒక డబ్బాలో వేయించారు. డబ్బా సగం నిండాక సైకిల్ తయారైంది.

బూడిద రంగు అట్ట మీద సైకిల్. ముందు సీటూ, వెనక క్యారేజీ, రెండూ ఖాళీ. లోపల ఏం రాయాలన్నదానికి కూడా గొడవపడ్డాం. నేను 'క్షమించు' అని రాస్తానన్నాను. ఆయన వద్దన్నారు. "అది కూడా అడగడమే గదా. ఇప్పటికి తీసుకునింది చాలు. ముందు ఉన్నది చెప్పు. ఇచ్చేదీ ఇవ్వనిదీ ఆ పిల్ల ఇష్టం." అందుకని నాలుగే వాక్యాలు రాశాను. 'నువ్వు అడిగావు. పోస్టు పడిందని నాకు తెలుసు. లేదని అబద్ధం చెప్పాను. నీకు రావలసిన ఉద్యోగం నేను చేస్తున్నాను.' కింద పేరు. సోమవారం పొద్దున ఆఫీసు తెరిచి, మొట్టమొదట ఆ కవరు మీదే తేదీ వేశాను. పేపరు మడిచి అడుగున పెట్టుకుని, ఆనించి, రవంత ఒత్తి. అయినా తేదీ ఒక పక్కకి ఒరిగింది.

ఒక నెల గడిచింది. రెండు నెలలు. రోజూ సంచి విప్పగానే ముందు నా పేరు కోసం వెతికేదాన్ని. దేవదానం గారు ఒక్కసారి కూడా 'జవాబు వచ్చిందా' అని అడగలేదు. నా మొహం చూసి కొత్త అట్ట చేతికిచ్చేవారు. ఆ రోజుల్లో పీతల డై నేర్చుకున్నాను. పీతకి కాళ్లు ఎక్కువ కాబట్టి దుఃఖంలో ఉన్నవాళ్లకి మంచి పని.

మూడో నెలలో వచ్చింది. సంచిలోంచి ఉత్తరాలు బల్ల మీద బోర్లిస్తే, నా పేరు రాసి ఉన్న ఒక లావాటి కవరు. స్టాంపు లేదు! దానిమీద బేరింగ్ అని గుర్తు వేసి ఉంది. స్టాంపు లేకుండా వచ్చిన ఉత్తరానికి తీసుకునేవాళ్లు రెట్టింపు కట్టాలి. ఆ ఊళ్లో ఆ డబ్బు వసూలు చేయాల్సింది నేను. కట్టాల్సిందీ నేనే. నా పర్సులోంచి తీసి, నా చేతికే ఇచ్చుకుని, నా పేరుకే రసీదు రాసుకుని కవరు చించాను. కల్యాణి రాత. ముక్కుసూటి మనిషి, ముక్కుసూటి అక్షరాలు.

'స్టాంపు కావాలనే అంటించలేదు. రెట్టింపు కట్టు. నీ దగ్గరనుంచి నాకు రావలసింది ఇంకా చాలా ఉంది. నేను నెల్లూర్లో నర్సింగ్ చదువుతున్నా. ఆ ఉద్యోగం కోసం ఏడవడం ఎప్పుడో మానేసినా. నువ్వు అబద్ధం చెప్పినందుకు ఏడవడం మాత్రం నీ కార్డు వచ్చిందాకా మానలేదు. సైకిల్ బాగుంది. చెయిన్ పెట్టడం మర్చిపోయినావు. చెయిన్ లేకుండా ఎట్టా తొక్కేది? ఆదివారం వస్తే అన్నం పెడతా. తిట్లు కూడా పెడతా. రెండూ తినేట్టయితేనే రా.'

ఆఫీసు మూసే వేళ అయ్యేదాకా ఎట్లా కూర్చున్నానో తెలియదు. ఎండలో పరుగెత్తుకుంటూ దేవదానం గారింటికి వెళ్లాను. ఆయన ఉత్తరం చేతికి తీసుకుని, కూడబలుక్కుంటూ చదివారు. బేరింగ్ సంగతి దగ్గరికి వచ్చేసరికి పెదాలు అదిరాయి. చెయిన్ దగ్గరికి వచ్చేసరికి ఆపుకోలేకపోయారు. నవ్వి నవ్వి పొలమారి, శాంతమ్మ గారు వీపు నిమరాల్సి వచ్చింది. "పిల్ల గట్టిది" అన్నారు కళ్లు తుడుచుకుంటూ. ఆ వెంటనే సీరియస్‌గా, డై సరిచూడటానికి మొదట ఒత్తిన సైకిల్ అట్టముక్క తెప్పించి చూశారు. "చెయిన్ సంగతి నేను గూడా చూడలేదే! ముప్పై అయిదేళ్లు ఫిట్టర్ పని చేసినోడిని!" ఆ అవమానం ఆయన్ని చాలా రోజులు బాధపెట్టింది.

ఆ ఆదివారం నెల్లూరు వెళ్లాను. కల్యాణి తలుపు తీసి, నన్ను పైనుంచి కిందికి చూసి, "కూర్చో" అంది. చేపల పులుసు వడ్డించింది. నేను ముద్ద కలుపుతుండగా మొదలుపెట్టింది. నా పుట్టుక దగ్గర్నుంచి తిట్టింది. మధ్యమధ్య "ఇంకొంచెం వేసుకో" అని గరిటెతో వేసి మళ్లీ అందుకుంది. పులుసు కారమో, తిట్లో, ఇద్దరికీ కళ్ల వెంట నీళ్లు. చివరికి అలిసిపోయి, గిన్నె అంచు గోకుతూ, "మూడుసార్లు చించబోయినానే ఆ కార్డుని. ఎట్టా కోసినావో ఏమో, చించితే సైకిల్ పాడైపోతదని ఆగినా" అంది. మా స్నేహం ఆ రోజుతో ఇదివరకటిలా అయిపోయిందని చెప్పను. అట్లా కాలేదు. అంతకుముందు మేం ఒకరి దగ్గర ఒకరం ఏ జాగ్రత్తా లేకుండా మాట్లాడేవాళ్లం. ఇప్పుడు తను ఏదైనా అడిగితే నేను ఒక్క క్షణం ఆగి జవాబు చెబుతాను. ఆ క్షణం ఎందుకో తనకి తెలుసు. నాకూ తెలుసు. ఆ తర్వాత తను రెండు మూడుసార్లు దేవదానం గారింటికి వచ్చింది. ఆయన బీపీ చూసి, ఉప్పు మానమని మందలించి, మిషన్ చక్రం తిప్పింది. ఉప్పు మానమన్నందుకు కాబోలు, ఆయన ఆమెకి ఉప్పు చేప ఆకారంలో కార్డు కోసి పంపారు.

దేవదానం గారు పోయి మూడేళ్లయింది. నిద్రలోనే పోయారు, ఎవరికీ శ్రమ ఇవ్వకుండా. సంగతి తెలిసి చుట్టుపక్కల ఊళ్ల నుంచి చాలామంది గుడికి వచ్చారు. ఎవరు ఎవరికి చెప్పారో తెలియదు గానీ, సగం మంది చేతుల్లో కార్డులున్నాయి. రంగు వెలిసినవి, అంచులు చీకిపోయినవి, చీమలు తిన్నవి. ఆరాధన మొదలయ్యేలోపు ఒకరి కార్డు ఒకరు తీసుకుని చూసుకుంటున్నారు. "నీకు పీత ఎందుకు పంపినాడు?" "నేను అడ్డంగా నడుస్తానంట, ఎప్పుడూ మాట వినననీ." ఒక మూల నుంచి నవ్వు వినపడింది, ఇంకో మూల నుంచి కూడా. ఏడవడానికి వచ్చినవాళ్లు నవ్వుతున్నందుకు సిగ్గుపడి, శాంతమ్మ గారి వైపు చూశారు. ఆమె తల పైకెత్తి, "నవ్వండి, నవ్వండి. ఆయన చేసింది అందుకే గదా" అన్నారు. ఎవరో ఆమె చందువా చేప కార్డు ఒకసారి చూపించమన్నారు. "అది మాత్రం చూపించను పోండి" అని కార్డు దాచుకున్న పైటకొంగు గట్టిగా పట్టుకున్నారామె.

నాకు తర్వాత డిపార్టుమెంటు పరీక్ష రాసి ప్రమోషన్ వచ్చింది, పెళ్లయింది, ఊరు మారాను. కార్డుల పని ఆయనకి అబ్బినంతగా నాకు అబ్బలేదు. ఏడాదికి నాలుగైదు చేస్తాను, అంతే. ఆయన దగ్గర నుంచి నాతో వచ్చి ఉండిపోయింది వేరే. ఒక్క 'లేదు' అనే మాటని ఏడాది మోసినదాన్ని నేను. ఇప్పుడు తప్పు చేస్తే సాయంత్రం దాకా కూడా మోయలేను. పోయిన వారం స్కూటర్ తాళాలు కనపడక, మీరే ఎక్కడో పడేశారని మా ఆయన్ని పొద్దున్నే నానా మాటలూ అన్నాను. ఆఫీసుకి బస్సులో పోయి చూసుకుంటే తాళాలు నా బ్యాగు అడుగున ఉన్నాయి. ఇంకొకప్పుడయితే ఇంటికొచ్చి అవి చప్పుడు కాకుండా సోఫా కిందికి తోసి, దొరికాయని కేక వేసేదాన్నే. ఇంటికి రాగానే చెప్పులు విప్పకుండా ఆయన ఎదురుగా నిలబడి, "తాళాలు నా బ్యాగులోనే ఉన్నాయి. పొద్దున మిమ్మల్ని అన్నవన్నీ తప్పు" అన్నాను.

ఆయన పేపరు దించి నా వైపు చాలా దిగులుగా చూశారు. "ఇట్ట మధ్యలో ఒప్పేసుకుంటే ఎట్టా? పొద్దున్నుంచీ నేను తయారు చేసుకున్న మాటలన్నీ ఏం చేసుకోను?"

"దాచుకోండి" అన్నాను. "రేపు ఇంకేదన్నా చేస్తాగా."